నాయన చెవికి పద్యం అందాలంటే

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది అనంతపురం. మా నాయనకు 64 ఏండ్లు, పద్యనాటకాలంటే ప్రాణం. ఉగాదికి 1,800 రూపాయలు పెట్టి చెవుల మీద కప్పుకునే బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొనిచ్చినా. రెండు రోజులు పెట్టుకుని పక్కన పడేసినారు. "పద్యం బాయిలో నుంచి చెప్పినట్టుండాదే, వట్టి దబదబే వినపడ్తాంది" అంటారు. ఫోన్‌లో ఈక్వలైజర్ (లావు, సన్న శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే గీతలు) తెరిచి 'రాక్' పెట్టి చూసినా, 'బేస్ బూస్ట్' పెట్టి చూసినా, చివరికి గీతలన్నీ పైకి లేపినా. గరగర తప్ప ఏమీ రాలేదు. ఇంకో సంగతి. నేను వారం వారం బెంగళూరు బస్సులో పోయి వస్తుంటా. నా ఇయర్‌బడ్స్‌లో అసలు బేసే రాదు. ఈ రెండూ పారేసి మంచివి కొనాలా, ఆ గీతలతో ఏమన్నా బాగవుతుందా?
అనంతపురం నుంచి ఒక చెల్లెలు

చెల్లెమ్మా, ఏదీ పారెయ్యొద్దు. మీ నాయన అన్న మాటలోనే రోగం పేరుంది. "బాయిలో నుంచి చెప్పినట్టు" అన్నారు కదా, మైకు పని చేసేవాళ్లమూ అచ్చం అదే మాట అంటాం. అది చదవగానే ఆ హెడ్‌ఫోన్‌ను చూడకుండానే తప్పు ఏ గీత దగ్గరుందో చాలావరకు తెలిసిపోయింది. 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య శబ్దం అవసరానికి మించి వస్తోంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని అలలో చెప్పే లెక్క. అంకె చిన్నదైతే లావు శబ్దం, పెద్దదైతే సన్న శబ్దం. ఇంకా కింద, 60, 100 దగ్గర దబదబ కూడా ఎక్కువే. ఉన్న ఎక్కువకు తోడు మీరు 'బేస్ బూస్ట్' పెట్టారు. 'రాక్' అనేది కూడా సాధారణంగా రెండు చివర్లూ పైకెత్తి నడుమ దించే అమరికే. పద్యం కాపురముండేది ఆ నడుమనే.

కర్నూలులో ఒక మైకు సెట్టు అంగట్లో పని నేర్చుకునే రోజుల్లో జరిగింది చెప్తా. తుంగభద్ర ఒడ్డున ఒక ఊర్లో తిరునాళ్ల, రాత్రి పద్యనాటకం. కృష్ణుడి వేషగాడు రాగం ఎత్తుకున్నాడు. గొంతు గంభీరంగా ఉంది, రాగం గాలిలో తేలుతోంది, కానీ వెనక కూర్చున్న జనం "పద్యం వినపళ్లా" అని కేకలు. నేను వాల్యూమ్ పెంచా. ఇంకా గుబగుబ. ట్రెబుల్ (సన్న శబ్దం) పెంచా. మైకు కుయ్యిమని కూసింది. మా పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి వచ్చి, నా చెయ్యి పక్కకు జరిపి, నేను పెంచినవన్నీ మొదటి చోటుకు తెచ్చాడు. తర్వాత 250 అని రాసున్న గీతను వేలితో మెల్లగా కిందికి లాగాడు. దాని పక్కనున్న 125ను ఇంకొంచెం. అంతే. మాటలు విడివిడిగా బయటికొచ్చాయి, అరసున్నలు కూడా వినపడ్డట్టు అనిపించింది. "పద్యాన్ని నేనేం పెంచలేదురా, అడ్డమున్నదాన్ని తీసినా" అన్నాడు. ఆ తర్వాత ఇన్నేండ్లలో నేను నేర్చుకున్నదంతా ఆ మాటకు వివరణే.

మన చెవి తీరు అట్లాంటిది. లావు శబ్దం ఎక్కువైతే దానికంటే పైనున్న సన్న శబ్దాన్ని కప్పేస్తుంది. సన్న శబ్దం లావు దాన్ని అంతగా కప్పలేదు. డప్పు పక్కన నిలబడి మాట్లాడితే మాట వినపడదు, తాళాల పక్కన నిలబడి మాట్లాడితే ఎంతోకొంత వినపడుతుంది. తెలుగు మాటలో అచ్చులు కింది భాగంలో, బలంగా ఉంటాయి. ఆ, ఓ, ఊ అని రాగం తీస్తే వీధి చివరిదాకా పోతుంది. మాటకు అర్థమిచ్చే హల్లులు మాత్రం క, త, ప, స లాంటివి, చాలావరకు 2,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య, పలచగా, క్షణంలో వచ్చి పోతాయి. పాలు, కాలు, తాలు. ఈ మూడింటికీ తేడా ఆ మొదటి చిటికెడు శబ్దమే. అది మునిగిపోతే మీ నాయనకు రాగం వినపడుతుంది, పద్యం వినపడదు. పద్యాన్ని ప్రాణంగా చూసుకునే మనిషికి అది ఎంత బాధో నాకు తెలుసు. హెడ్‌ఫోన్ పక్కన పడేయడం మొండితనం కాదమ్మా.

గరగర సంగతి వేరు. ఇప్పటి పాటలు, రికార్డింగులు చాలావరకు అంచుదాకా నిండిన బిందెల్లా తయారై వస్తాయి. డిజిటల్‌లో ఆ అంచుకు పైన చోటు లేదు. మీరు ఒక గీతను 6 డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత బిగ్గరగా ఉందో చెప్పే కొలత) లేపితే అక్కడి అల ఎత్తు రెట్టింపు అవుతుంది. పట్టని అలల తలలు తెగిపోతాయి. ఆ తెగుడే గరగర. అందుకే గీతలన్నీ పైకి లేపడంలో ఏ లాభమూ లేదు. అన్నీ సమానంగా లేపితే అది వాల్యూమే కదా, పైగా తలలు తెగిన వాల్యూమ్. ఏదైనా ఒక గీతను పైకి లేపక తప్పనప్పుడు, ఈక్వలైజర్‌లో మొత్తం శబ్దాన్ని ఒకేసారి పెంచి తగ్గించే 'ప్రీయాంప్' అని ఒకటుంటే దాన్ని అంతే కిందికి దించాలి. గీత 4 లేపితే ప్రీయాంప్ 4 దించాలి. తగ్గిన వాల్యూమ్‌ను తర్వాత మామూలు బటన్‌తో పెంచుకోవచ్చు.

ఇక పనిలోకి వద్దాం. మొదట చూడాల్సింది ఎన్నిచోట్ల ఈక్వలైజర్ నడుస్తోందో. ఫోన్ సెట్టింగ్స్‌లో ఒకటి, పాటల యాప్‌లో ఇంకొకటి, హెడ్‌ఫోన్ కంపెనీ యాప్‌లో మూడోది, వీటి మీద డాల్బీ అనో 'బేస్' అనో ఒక బటన్. మూడిళ్లవాళ్లు ఒకే కూరలో ఉప్పేసినట్టు అవుతుంది. అన్నీ ఆపెయ్యండి. హెడ్‌ఫోన్ కంపెనీ యాప్‌లో ఈక్వలైజర్ ఉంటే అదొక్కటే ఉంచుకోండి. చాలా హెడ్‌ఫోన్లలో ఆ అమరిక హెడ్‌ఫోన్‌లోనే నిలిచిపోతుంది, రేపు టీవీకి కలిపినా పని చేస్తుంది. అది లేకపోతే ఫోన్‌లోదే చాలు.

రెండోది, ఫ్యాను ఆపండి. అనంతపురం ఎండలో ఇది పెద్ద కోరికే, కానీ పది నిమిషాలు చాలు. ఫ్యాను, కూలరు చేసే హోరు చాలావరకు లావు శబ్దమే. అది నడుస్తుంటే బేస్ ఎంతుందో తెలియదు, తెలియక పెంచేస్తాం. తెల్లవారుజామున కూర్చుంటే ఇంకా మేలు.

మూడోది ముఖ్యం. ఈ పని మీరు ఒక్కరే చేయొద్దు, నాయనను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయనకు కంఠతా వచ్చిన ఒక పద్యం పెట్టండి, కొత్తది కాదు. కంఠతా వచ్చినదైతే ఏ అక్షరం ఎక్కడ మునుగుతోందో ఆయనే చెప్తారు. హెడ్‌ఫోన్ ఆయన చెవులకే ఉండాలి, గీతలు మీ వేలి కింద ఉండాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లలో తరచుగా కనపడేది ఐదు గీతల ఈక్వలైజర్: 60, 230, 910, 3.6 కిలోహెర్ట్జ్, 14 కిలోహెర్ట్జ్. అన్నీ సున్నా మీద పెట్టి మొదలుపెట్టండి. వాల్యూమ్ బాగా తగ్గించి, 230 గీతను ఒక్కసారి పూర్తిగా పైకి లేపండి. "ఇదేనా ఆ బాయి?" అని అడగండి. ఔనంటే దొరికినట్టే. ఇప్పుడు అదే గీతను సున్నా దాటించి కిందికి, మైనస్ 4 దాకా తెండి. తప్పును మొదట పెద్దది చేసి పట్టుకోవడం, పట్టుకున్నాక దించడం. స్టూడియోల్లో పనిచేసేవాళ్లు కూడా ఇట్లాగే వెతుకుతారు. తర్వాత 60ని మైనస్ 3 లేదా 4కు దించండి. 910ని ముట్టుకోవద్దు. అక్కడ చెయ్యి పెడితే గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారిపోతుంది. 3.6 గీతను ప్లస్ 2 లేపి చూడండి. పద్యం ఒక అడుగు ముందుకు రావాలి. 'స', 'శ' వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటే ప్లస్ 1కి దించండి. 14ను సున్నా మీదే ఉండనివ్వండి.

ఈ అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే. మీ హెడ్‌ఫోన్ ఏ కంపెనీదో రాయలేదు. రాసినా, ఆయన చెవి ఎట్లుందో ఆ రాతలో ఉండదు. ఒక్కసారి 1 డీబీ మాత్రమే కదపండి, కదిపాక పద్యం ఒక పాదమైనా విననివ్వండి. మధ్యలో ఈక్వలైజర్ ఆపి, మళ్లీ పెట్టి పోల్చండి. ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. రెండింటిలో ఏది కొంచెం బిగ్గరగా ఉంటే అదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. గీతలు దించాక శబ్దం మొత్తంగా తగ్గుతుంది కాబట్టి, పోల్చేముందు వాల్యూమ్ రెండు మెట్లు పెంచి సమానం చేసుకోండి. లేకపోతే "ముందే బాగుండాదే" అంటారు, పని అక్కడితో ఆగిపోతుంది. ఇంకొకటి, ఆ దబదబకు చెవి అలవాటు పడి ఉండొచ్చు. మొదటి రోజు మీకు కొంచెం చప్పగా అనిపిస్తుంది. రెండు రోజులు ఆగి నిర్ణయించండి.

పది గీతలుంటే పని ఇంకా సుళువు. 31 నుంచి 16,000 వరకు ఒక్కొక్కటి ముందుదానికి రెట్టింపు ఉంటుంది. అప్పుడు 250 ఒక్కదాన్నే పట్టుకోవచ్చు. ఐదు గీతల్లో ఒక్కొక్కటి చాలా వెడల్పు ప్రాంతాన్ని లాగుతుంది. 'పారామెట్రిక్' అనేదాంట్లోనైతే ఎక్కడ, ఎంత, ఎంత వెడల్పున అని మూడూ మన చేతిలోనే ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ అనే ఉచిత యాప్ ఉంది. కొలతలు తీసిపెట్టిన వేల హెడ్‌ఫోన్ల సవరణలు అందులో ఉన్నాయి. మీ మోడల్ దొరికితే దాన్ని ఆన్ చేసి, అక్కడి నుంచి నాయన చెవికి తగ్గట్టు సవరించుకోండి. కంప్యూటర్‌లో వినేటట్టయితే విండోస్‌కు ఈక్వలైజర్ ఏపీఓ ఉంది, అదీ ఉచితమే.

రెండే గుండ్రటి నాబ్‌లు, బేస్, ట్రెబుల్ మాత్రమే ఉన్న పాత యాంప్లిఫైయర్‌కు హెడ్‌ఫోన్ పెట్టుకునేవాళ్లు కూడా అడుగుతుంటారు. 1952లో ఇంగ్లండ్‌లో పీటర్ బాక్సండాల్ ప్రచురించిన సర్క్యూటే ఆ నాబ్‌లకు ఇప్పటికీ ఆధారం. అవి నడుమను పెద్దగా కదపకుండా రెండు చివర్లను ఎత్తుతాయి, దించుతాయి. దాంతో ఆ బాయి శబ్దాన్ని నేరుగా తీయలేం, కానీ బేస్ నాబ్‌ను ఎడమకు కొంచెం తిప్పితే సగం ఊరట దొరుకుతుంది. నిజానికి ఈ పని మనవాళ్లకు కరెంటు రాకముందు నుంచే తెలుసు. మృదంగం వాయించేవారు కచేరీకి ముందు ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు, బొటనవేలితో కొంచెం గిల్లి తీస్తారు, కొట్టి వింటారు, మళ్లీ గిల్లుతారు. ముద్ద పెరిగితే నాదం కిందికి దిగుతుంది. కుడి మూత మీది కరణి అనే నల్లటి పూత వల్ల ఆ వాద్యం స్వరం పలుకుతుందని సి.వి. రామన్ 1920లోనే రాశారు. ఆ గిల్లి తీసే బొటనవేలు చూస్తే చాలు, ఈక్వలైజర్ ఎట్లా వాడాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఈక్వలైజర్ వల్ల కానిది కూడా చెప్పాలి. ఉన్నదాన్ని ఎక్కువ తక్కువ చేయగలదు, లేనిదాన్ని పుట్టించలేదు. మీ నాయన వినేవాటిలో పాత గ్రామఫోన్ రికార్డుల నుంచి ఎక్కించినవి ఉంటాయి. 1925లో ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చేదాకా నటుడు పెద్ద కొమ్ము ముందు నిలబడి గొంతెత్తేవాడు, ఆ కొమ్ముకు పట్టినంతే రికార్డులో పడింది. కింది బేసూ లేదు, పై మెరుపూ లేదు. కడప ఆకాశవాణి మీడియం వేవ్‌లో వచ్చినప్పుడు ఇంట్లో టేపురికార్డరు పెట్టి పట్టుకున్న క్యాసెట్లు కూడా అంతే. మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్, అందువల్ల మనకు చేరే శబ్దం సుమారు 5 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అట్లాంటి రికార్డింగుకు 14 గీత లేపితే వచ్చేది పద్యం కాదు, టేపు బుస. ఉల్టాగా దాన్ని మైనస్ 6కు దించండి, బుస తగ్గి గొంతు మిగులుతుంది. ఈ పాతవాటికి ఒక అమరిక, ఇప్పటి రికార్డింగులకు ఇంకో అమరిక పెట్టుకోవడం మంచిది. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌ను లాప్‌టాప్‌కు కలిపినప్పుడు శబ్దం ఫోన్‌కాల్‌లా పీలగా వస్తే, అది కూడా ఈక్వలైజర్‌తో పోదు. శబ్దం 'హ్యాండ్స్‌ఫ్రీ' మీద ఉండి ఉంటుంది. 'స్టీరియో' అని విడిగా కనపడితే దాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు కొంచెం సున్నితమైన మాట. 3.6 గీతను ప్లస్ 2 కాదు, 6, 8 దాకా లేపితే గానీ మాట తెలియడం లేదని నాయన అంటే, టీవీ కూడా పెద్దగా పెట్టమంటుంటే, ఫోన్‌లో "ఏంది? ఏంది?" అని మళ్లీ మళ్లీ అడుగుతుంటే, తప్పు హెడ్‌ఫోన్‌ది కాకపోవచ్చు. వయసుతో చెవి మొదట పోగొట్టుకునేది పైభాగాన్నే, అంటే పాలు, కాలు, తాలుకు తేడా చెప్పే భాగాన్ని. దాన్ని గీతలతో నెట్టుకుంటూ వాల్యూమ్ పెంచుకుంటూ పోతే ఉన్న వినికిడి కూడా దెబ్బతింటుంది. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు ఒక్కో చెవికి విడివిడిగా చూసి ఒక గ్రాఫు ఇస్తారు. ఒక్కోసారి గుబిలి అడ్డుపడి ఉంటుంది, తీయించుకుంటే అయిపోతుంది. ఒక చెవి ఎక్కువ, ఒక చెవి తక్కువ అని తేలితే ఫోన్‌లో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో ఎడమ, కుడి బ్యాలెన్స్ ఉంటుంది. "మీకు చెవుడొచ్చింది" అని మాత్రం అనొద్దు. "పద్యం ఇంకా బాగా వినాలంటే చూపించుకుందాం నాయనా" అనండి, వస్తారు.

మీ ఇయర్‌బడ్స్ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. బేస్ లేదంటే నూటికి తొంభైసార్లు గీతల్లో లేదు, చెవి రంధ్రంలో ఉంది అని నా అనుభవం. ఇయర్‌బడ్ చెవిని గాలి చొరకుండా మూస్తేనే బేస్ నిలుస్తుంది. చిన్న సందు ఉన్నా బేసంతా కారిపోతుంది. డబ్బాలో చిన్నవి, నడిమివి, పెద్దవి అని మూడు జతల రబ్బరు టోపీలు ఇచ్చుంటారు. చాలామంది డబ్బాతోనే వాటిని పారేస్తారు. వెతకండి. పాట పెట్టి, ఇయర్‌బడ్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ ఒక్కసారి ఉబికితే మీకు పెద్ద సైజు కావాలన్నమాట. కుడికి ఒక సైజు, ఎడమకు ఒక సైజు కూడా కావచ్చు, చెవులు రెండూ ఒక్కలా ఉండవు. జాలీ మీద గుబిలి పేరుకుందేమో వెలుతురులో చూడండి. సూది పెట్టి పొడవొద్దు, జాలీ చినుగుతుంది. పొడి మెత్తటి బ్రష్‌తో, జాలీ నేలవైపు ఉంచి దులపండి.

టోపీ కుదిరాక కూడా బస్సులో బేస్ తక్కువే అనిపిస్తుంది. ఇంజను, టైర్లు చేసే హోరు ఆ కింది భాగంలోనే ఉంటుంది, పాటలోని బేస్‌ను అది మింగేస్తుంది. బస్సు కోసం 60 గీతను ప్లస్ 3 లేపి, ప్రీయాంప్ 3 దించి, ఒక అమరిక దాచుకోండి. ఇంట్లో దాన్ని తీసేయండి. రాత్రి పడుకునేముందు చిన్నగా వింటే మళ్లీ బేస్ తగ్గినట్టుంటుంది. అది రోగం కాదు, చెవి స్వభావం. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు, శబ్దం తగ్గేకొద్దీ చెవి లావు శబ్దాన్ని ముందు వదిలేస్తుందని. పాత యాంప్లిఫైయర్ల మీద 'లౌడ్‌నెస్' అని ఒక బటన్ ఉండేది, అది పుట్టింది ఇందుకే.

బస్సు హోరు మీదికి వాల్యూమ్ పెంచడమే నాకు భయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. 3 పెరిగిన ప్రతిసారీ గంటలు సగమవుతాయి. 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. బెంగళూరు పోయి రావడానికే మీకు వారానికి 8, 10 గంటలు పడుతుంది. టోపీ సరిగా కుదిరితే హోరు బయటే ఆగుతుంది, వాల్యూమ్ సగం దగ్గరే సరిపోతుంది.

నాయన అమరిక కుదిరాక దాన్ని 'నాయన' అని పేరు పెట్టి సేవ్ చేయండి. పాత రికార్డులది 'నాయన పాతవి', మీది 'బస్సు'. అంకెలు ఒక కాగితం మీద రాసి హెడ్‌ఫోన్ డబ్బాలో పెట్టండి, ఫోన్ మారితే మళ్లీ మొదటికి రాకుండా. 230 దగ్గర ఆయన ఎక్కడ ఆగారో వీలైతే నాకు రాయండి. నా లెక్క మైనస్ 4. ఆయన చెవి ఇంకో మాట చెప్తే అదే సరైనది.